మాట్లాడుకుంట ఉరుకు

శ్రోతలందరికీ నమస్కారం. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. ఒళ్లు బరువెక్కి, ఉరకాలని మనసులో ఉండి, ఈ ఒంటితో నలుగురిలో ఎట్లా అని ఆగిపోయినవాళ్లు ఎవరైనా వింటుంటే, ఇవాళ నా మాటలు వాళ్ల కోసమే. మెల్లగా ఉరకడం ఎట్లా మొదలుపెట్టానో, ఎవరి ఊళ్లో వాళ్లు ఉరికే వర్చువల్ రేస్ ఎట్లా పూర్తిచేశానో చెప్తాను.

నేను మొదలుపెట్టినప్పుడు నా బరువు 94 కిలోలు, వయసు 42. షుగర్ బార్డర్‌లో ఉందని తెలిశాక బీపీ, ఈసీజీ చూపించుకుని, డాక్టర్ సరే అన్నాకే అక్టోబర్‌లో ఎన్జీ కాలేజీ గ్రౌండుకు పోయాను. ఈ చూపించుకోవడం మాత్రం ఎవరూ మానొద్దు. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు అసలే మానొద్దు.

తెల్లవారుజామున మన దగ్గర గ్రౌండుల్లో ఎవరుంటారో మీకు తెలుసు. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం ప్రాక్టీస్ చేసే పిల్లలు. మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు, ప్రతి సెకనూ వాళ్లకు ఉద్యోగంతో సమానం. వాళ్లను చూసి నేనూ అదే జోరులో ఉరికాను. రెండు నిమిషాలు కాకముందే గొంతు ఎండిపోయి, డొక్కలో పోటు లేచి, మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగి నిలబడితే, ఒక అమ్మాయి వెనక్కి వచ్చి నీళ్ల బాటిల్ ఇచ్చింది. "గంత జోరుగ ఉరుకొద్దక్కా. మాట్లాడుకుంట ఉరుకు. మాట ఆగిందంటే స్పీడ్ ఎక్కువైనట్టే" అంది. ఆ తర్వాత నేను చాలా చదివాను, చాలా వీడియోలు చూశాను, ఇంతకంటే పనికొచ్చే మాట ఎక్కడా దొరకలేదు.

ఇంటికొచ్చి ఒక ప్లాన్ పట్టుకున్నాను. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికా ఆయన కొత్తవాళ్ల కోసం తయారుచేసింది, పేరు కౌచ్ టు ఫైవ్ కే. మొదటి వారం ఐదు నిమిషాలు నడిచి, ఆ తర్వాత 60 సెకన్లు మెల్లగా పరుగు, 90 సెకన్లు నడక, ఇట్లా 20 నిమిషాలు. వారానికి మూడు రోజులే. తొమ్మిది వారాల్లో 5 కిలోమీటర్లు అన్నమాట. నాకు పద్నాలుగు వారాలు పట్టింది. ఎందుకంటే మూడో వారంలో ఊపు వచ్చి, ఖాళీ రోజుల్లో కూడా ఉరికాను, కాలు ముందువైపు ఎముక వెంబడి నొప్పి పట్టుకుని రెండు వారాలు ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. పరుగులో ప్రతి అడుగుకూ కాలి మీద పడే బరువు మన ఒంటి బరువుకు రెండు మూడింతలు ఉంటుంది. ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొస్తుంది, ఎముకలకూ కీళ్లకూ నెలలు కావాలి. ఆయాసం తగ్గింది కదా అని కాళ్లు కూడా తయారైనట్టు అనుకోవడమే నేను చేసిన తప్పు.

ఇంకొకటి, ఎవరూ బయటికి చెప్పనిది. మన ఒంటి వాళ్లకు తొడలు ఒరుసుకుని మంట పుడుతుంది, స్నానం చేస్తుంటే ప్రాణం పోతుంది. సగం మంది రెండో రోజే మానేసేది దీనికే అని నా నమ్మకం. బయలుదేరే ముందు వాసెలిన్ రాసుకుని, మోకాళ్ల దాకా వచ్చే బిగుతు లెగ్గింగ్ వేసుకుంటే చాలు. షూ సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, ముందు బొటనవేలు వెడల్పు జాగా మిగలాలి.

ఇక వర్చువల్ రేస్. పేరు నమోదు చేసుకుంటాం, కొన్ని ఉచితం, కొన్నింటికి ఫీజు ఉంటుంది. వాళ్లు ఇచ్చిన రోజుల్లో మనకు వీలైన పూట, మన ఊళ్లోనే ఆ దూరం ఉరికి, ఫోన్‌లో స్ట్రావా లాంటి యాప్‌లో నమోదైన లెక్క పంపిస్తే సర్టిఫికెట్ వస్తుంది, కొందరు మెడల్ కొరియర్ చేస్తారు. 2020లో కరోనా అప్పుడు లండన్ మారథాన్‌లో మామూలు జనమంతా ఇట్లాగే, ఎవరి వీధుల్లో వాళ్లు, 24 గంటల్లో ఎప్పుడు వీలైతే అప్పుడు 42 కిలోమీటర్లు పూర్తిచేశారు. మన దగ్గర ఫిట్ ఇండియా ఫ్రీడమ్ రన్ కూడా ఆ ఏడాదే ఆగస్టు 15 నుంచి అట్లాగే జరిగింది. నా లాంటి మనిషికి ఇందులో ఉన్న మేలు ఏమిటంటే, తేదీ ఉంటుంది, చూసే జనం ఉండరు. ఆఖరున వస్తామేమో, మనం చేరేసరికి టెంట్లు విప్పేస్తారేమో అనే టెన్షన్ ఉండదు. తేదీ లేకుంటే మాత్రం నేను సంక్రాంతి దాకా, ఆ తర్వాత ఉగాది దాకా వాయిదా వేసేదాన్ని.

జనవరి ఆఖరులో నా 5 కిలోమీటర్లు. పది రోజుల గడువు, నేను ఆరో రోజు పెట్టుకున్నాను. పానగల్ ఉదయసముద్రం కట్ట మీద, ఆరున్నరకు, నీళ్ల మీద ఇంకా మంచు ఉంది. లొకేషన్ దొరికేదాకా నిమిషం నిలబడి స్టార్ట్ నొక్కాను. మాట్లాడటానికి పక్కన ఎవరూ లేరు, అందుకని అమ్మగారింటికి పోయే బస్సు స్టేజీలు పైకే చదువుకుంటూ ఉరికాను. తిప్పర్తి, మాడ్గులపల్లి, వేములపల్లి, మిర్యాలగూడ. వేములపల్లి దగ్గర ఊపిరి తెగితే నడక, నాలుగూ ఒక్క బిగిన వస్తే మళ్లీ పరుగు. మొదలుపెట్టిన చోటికి తిరిగి వచ్చేసరికి ఫోన్‌లో 4.94 ఉంది. ఆగలేదు, బండి పెట్టిన చోటు చుట్టూ తిరిగాను, 4.97, 4.99, ఐదు. 51 నిమిషాల 20 సెకన్లు. అక్కడే కట్ట మీద కూర్చుని ఏడ్చాను, సంతోషంతోనే.

మెడల్ వచ్చిన రోజు మా అత్తమ్మ చేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, "పోటీ అన్నవు, నీతోటి ఎవరు ఉరికిండ్రు?" అని అడిగింది. ఎవరెవరో, ఎక్కడెక్కడో, వాళ్ల వాళ్ల ఊళ్లల్ల ఉరికిండ్రు అత్తమ్మా అన్నాను. కాసేపు ఆలోచించి, "మంచిగనే ఉన్నది, నేను నడిస్తే గూడ ఇస్తరా?" అంది. ఇస్తారు. చాలా రేసుల్లో నడిచినా లెక్కే. వచ్చే నెల ఆమె పేరు కూడా రాయిస్తున్నాను, మా వీధిలోనే 3 కిలోమీటర్లు.

బరువు సంగతి అడుగుతారు కదా. ఆర్నెల్లలో 6 కిలోలు తగ్గాను. నా బరువు మనిషి 5 కిలోమీటర్లు ఉరికితే అటుఇటుగా 450 కేలరీలు ఖర్చవుతాయి. ఇంటికొచ్చి రెండు ప్లేట్ల బజ్జీలు తింటే అది అక్కడికక్కడే సరి, కాబట్టి తిండి వేరే చూసుకోవాల్సిందే, నేను రాత్రి అన్నం మాని జొన్నరొట్టెకు వచ్చాను. కానీ మెట్లు ఎక్కుతూ ఫోన్ మాట్లాడగలుగుతున్నాను. నాకు అది కిలోల కంటే పెద్ద సంగతి.

ఎండాకాలం మన జిల్లా సంగతి తెలిసిందే. మార్చి దాటాక ఐదింటికే మొదలుపెట్టి ఆరింటికి ముగించాలి, కళ్లు తిరిగినా ఛాతీ పట్టేసినట్టున్నా అక్కడే ఆపేయాలి. గడువు పది రోజులు ఉంటుంది, రేపు చూసుకోవచ్చు.

ఈసారి 10 కిలోమీటర్లకు పేరు ఇచ్చాను. పానగల్ కట్ట మీద పొద్దున్నే ఎవరైనా ఒక ఆవిడ తిప్పర్తి, మాడ్గులపల్లి అని చదువుకుంటూ మెల్లగా ఉరుకుతూ కనిపిస్తే, పలకరించండి. జవాబు చెప్పే స్పీడ్‌లోనే ఉంటాను. నమస్కారం.