వెల్డింగ్ పొగలో మాంగనీస్

శ్రోతలందరికీ నమస్కారం.

భీమవరం నుంచి ఆకివీడు పోయే దారిలో, చెరువుల మధ్య అక్కడక్కడా రేకుల షెడ్లు కనబడతాయి. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందిస్తూ తిరిగే ఏరేటర్ల ఫ్రేములు తుప్పుపట్టి విరిగితే అతుకు వేసేది అక్కడే. కుర్రాడు గొంతుక్కూర్చుని ఒక చేత్తో నల్లద్దం, ఇంకో చేత్తో హోల్డరు పట్టుకుంటాడు. రాడ్డు ఇనుముకి తాకగానే సన్నటి పొగ లేచి, వంగి ఉన్న అతని మొహం మీదుగా పైకి పోయి రేకుల కింద కమ్ముకుంటుంది. కళ్లకి అద్దం అడ్డం ఉంది. ముక్కుకి తువ్వాలే గతి. ఆ పొగలో ఇనుముతో పాటు మాంగనీస్ అనే లోహం కూడా ఉంటుంది. ఈ పూట దాని సంగతే చెప్పుకుందాం.

మాంగనీస్ అంటే అచ్చంగా విషం అనుకునేరు. అది లేకపోతే మన ఒంట్లో చాలా పనులు సాగవు. అన్నంలో, పప్పుల్లో, ఆకుకూరల్లో, ఆఖరికి టీలో కూడా దొరుకుతుంది. పెద్దవాళ్ల ఒంట్లో అంతా కలిపితే 10 నుంచి 20 మిల్లీగ్రాములు, అంతే. తిన్నదాంట్లో పేగులు లోపలికి రానిచ్చేది నూటికి ఐదు పాళ్లు దాటదు. ఆ వచ్చినదాంట్లో ఎక్కువైనది కాలేయం పట్టుకుని పైత్యరసంలో కలిపి బయటికి తోసేస్తుంది. మన కాలవలకి లాకులెలాగో, తిండి దారికి కాలేయం అలాగ. పీల్చిన పొగకి ఆ లాకు లేదు. ఊపిరితిత్తుల్లోంచి నెత్తుటిలోకి, అక్కణ్నుంచి మెదడుకి వెళ్లిపోతుంది. ముక్కులోని వాసన నాడి వెంట నేరుగా మెదడులోకి పాకగలదని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది.

ఈ జబ్బు కొత్తదేమీ కాదండీ. స్కాట్లండులో మాంగనీస్ ఖనిజం నూరే పనివాళ్లకి కాళ్లలో సత్తువ పోవడం, ముందుకి తూలుతూ నడవడం, మాట నీరసపడటం చూసి జాన్ కూపర్ అనే వైద్యుడు 1837లోనే రాసిపెట్టాడు. ముదిరితే మడమలు నేలకి ఆనకుండా, మోచేతులు మడిచి, మునివేళ్ల మీద నడుస్తారు. డాక్టర్లు దీన్ని కోడిపుంజు నడక అంటారు. సంక్రాంతి బరుల దగ్గర పెరిగినవాళ్లకి ఇంతకంటే వివరించి చెప్పక్కర్లేదు.

మెదడు లోతుల్లో, కదలికల్ని అదుపు చేసేచోట, గ్లోబస్ పాలిడస్ అని ఒక భాగం ఉంది. మాంగనీస్ ఎక్కువగా పేరుకునేది అక్కడే. ఎమ్మారై తీస్తే ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. పైకి పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బులా కనబడినా దెబ్బ తిన్న చోటు వేరు కాబట్టి, ఆ జబ్బుకి బాగా పనిచేసే లెవోడోపా మందు ఇక్కడ అంతగా పనిచేయదు.

కణంలోపల జరిగేది ఇంకా విచిత్రం. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో, ప్రమాదకరమైన ఆక్సిజన్ రూపాల్ని విరిచేసే ఎంజైము ఒకటుంది. అది పనిచేయాలంటే మాంగనీసే కావాలి. అదే మాంగనీస్ మోతాదు మించితే మైటోకాండ్రియా తడబడి, ఆ ఆక్సిజన్ రూపాల్నే ఎక్కువగా పుట్టిస్తుంది. కణం ఊరుకోదు. మామూలు రోజుల్లో ఎన్‌ఆర్‌ఎఫ్-2 అనే ప్రోటీన్‌ని కీప్-1 అనే ఇంకో ప్రోటీన్ పట్టి ఉంచి, ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తుంటుంది. ఆపద రాగానే ఆ పట్టు సడలుతుంది. ఎన్‌ఆర్‌ఎఫ్-2 కేంద్రకంలోకి పోయి, గ్లూటాథయోన్ లాంటి రక్షణ పదార్థాల్ని తయారుచేసే జన్యువుల్ని మేల్కొలుపుతుంది. మాంగనీస్‌ని కణం బయటికి నెట్టే వాహకం కూడా ఒకటుంది. దాని జన్యువు పుట్టుకతోనే చెడితే, పొగ సోకకపోయినా ఒంట్లో మాంగనీస్ పేరుకుపోతుందని 2012లో బయటపడింది.

నాడీకణాల పక్కనే నక్షత్రాల్లా ఉండే ఆస్ట్రోసైట్లు ఇందులో ఎక్కువ బరువు మోస్తాయి. మాంగనీస్‌ని తమలోకి లాక్కుంటాయి, నాడీకణాలకి గ్లూటాథయోన్ తయారీకి కావలసిన సరుకు అందిస్తాయి. నాడీకణాల మధ్య సందేశాలు మోసే గ్లూటమేట్ అనే రసాయనాన్ని, పని అయ్యాక ఎప్పటికప్పుడు తీసేసే పనీ వీటిదే. మాంగనీస్ మరీ పేరుకుంటే ఆ పని కుంటుపడుతుంది. మిగిలిపోయిన గ్లూటమేట్ నాడీకణాల్ని అదేపనిగా రెచ్చగొట్టి చంపుతుంది. నాలుగు రోజుల పొగకి ఈ ఏర్పాటంతా తట్టుకుంటుంది. ఏళ్ల తరబడి రోజూ పీల్చే పొగ వేరు.

కోడిపుంజు నడక దాకా పోయినవాళ్లు ఈ రోజుల్లో అరుదే. వెల్డింగ్ పనివాళ్ల మీద జరిగిన అధ్యయనాల్లో ఎక్కువగా కనబడినవి చేతి నిలకడ తగ్గడం, స్పందన మందగించడం, మనసు చికాకుపడటం. వీటిని ఇంట్లోవాళ్లు అలసట కింద, వయసు కింద జమకట్టేస్తారు.

ఇంకో మాట. రక్తహీనత ఉన్నవాళ్లలో ఇనుము కోసం పేగులు తలుపు బాగా తెరుస్తాయి. మాంగనీస్‌ది కూడా ఆ తలుపే. అందుకని షెడ్డులో పనిచేసేవాళ్లు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మాంగనీస్ విషప్రభావాన్ని ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. ఇద్దరు ముగ్గురు పనిచేసే రోడ్డుపక్క షెడ్డుని మాత్రం ఆ చట్టం పట్టించుకోలేదు. నన్నడిగితే జబ్బుకి ఆ తేడా తెలియదు.

తువ్వాలు చాలదు. పొగ రేణువుల్లో చాలామటుకు మైక్రాన్ కంటే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే చిన్నవి, గుడ్డలోంచి దూరిపోతాయి. పనిని రేకుల కిందనుంచి ఆరుబయటికి తెచ్చుకోండి. గాలి పక్కనుంచి వీచేలా కూర్చోండి. పొగ మీదికి వంగకండి. మొహానికి ఒదిగే ఎన్-95 మాస్కు వేసుకోండి. చెయ్యి వణికినా, నడక మారినా డాక్టరు దగ్గరికి వెళ్లి, ఎన్నేళ్లనుంచి వెల్డింగ్ చేస్తున్నారో ముందే చెప్పండి. అడిగేదాకా ఆగకండి.

నమస్కారం.