కొరత మందులది కాదు, కొలతది!

నమస్కారం. వచ్చీ రాగానే అసలు మాట చెప్పేస్తాను. కాన్పు తరవాత రక్తస్రావంతో తల్లులు చనిపోతున్నది మందులు లేక కాదు. ఎంత రక్తం పోయిందో కొలవక. కొరత మందులది కాదు, కొలతది. ఈ వీడియో అయ్యేలోగా ఈ మాట ఇంకో నాలుగైదు సార్లు అంటాను. విసుగొస్తే తిట్టుకోండి, కానీ చివరిదాకా వినండి.

పోయిన వీడియో మీద లేచిన గొడవ మీకు తెలిసిందే. 2025 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. సాధారణ కాన్పు తరవాత 500 మిల్లీలీటర్ల రక్తం పోయేదాకా చూస్తూ కూర్చోవద్దు, 300 దాటి నాడి గానీ బీపీ గానీ తేడాగా కనిపిస్తే వెంటనే చికిత్స మొదలుపెట్టండి అంది. నేను భేష్ అన్నాను, పోయిన రక్తాన్ని గీతల ప్లాస్టిక్ సంచితో కొలిచి చూసిన ఆఫ్రికా పరిశోధన గురించీ చెప్పాను. అంతే, మీద పడ్డారు. ఒకరు "300కే కంగారుపడితే ప్రతి కాన్పూ ప్రమాదమే అవుతుంది" అన్నారు. ఇంకొకరు "ఆఫ్రికాలో చేసిన పరిశోధన బెజవాడకు ఎందుకండీ" అన్నారు. మూడో ఆయన మాత్రం "పాతికేళ్ల అనుభవం ఉన్న డాక్టరు కంటి ముందు మీ ప్లాస్టిక్ సంచి ఎంత" అని అడిగారు. ముందు ఆయనకే జవాబు చెబుతాను, ఎందుకంటే నా మంట అంతా అక్కడే ఉంది.

అయ్యా, ఆ ప్లాస్టిక్ సంచి ఎంతో లెక్క ఉంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లో 80 ఆసుపత్రులు, 2,10,132 మంది తల్లులు. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఆ పరిశోధనకు ఈ-మోటివ్ అని పేరు. ఒకవైపు ఆసుపత్రుల్లో ఎప్పటిలాగే కంటితో చూసి అంచనా వేశారు. రెండోవైపు తల్లి నడుము కింద ఒక పలుచటి ప్లాస్టిక్ పరిచారు. దాని చివర గరాటు ఆకారంలో సంచి, సంచి మీద గీతలు. పోయిన రక్తమంతా అందులోకి దిగుతుంది, గీత చూసి చదవడమే. గీత దాటితే చేయవలసిన పనులన్నీ వరసగా కాకుండా ఒక్కసారే మొదలుపెట్టాలి. గర్భసంచిని మర్దన చేయడం, అది బిగుసుకునే మందు, రక్తం గడ్డకట్టి నిలవడానికి ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, ఎక్కడైనా చిరిగిందా, మాయ ముక్క లోపల ఉండిపోయిందా అని పరీక్ష, అప్పటికీ ఆగకపోతే పెద్ద డాక్టరుకు కబురు.

ఫలితం చూడండి. సంచి పెట్టినచోట అధిక రక్తస్రావాన్ని 93.1 శాతం పట్టుకున్నారు. కంటితో చూసినచోట 51.1 శాతం. అంటే ఇంచుమించు సగం మందిలో ప్రమాదం కళ్లముందే జరిగింది, కళ్లకు కనపడలేదు. లీటరు దాటిన రక్తస్రావం, పొట్ట కోయవలసి రావడం, రక్తస్రావంతో మరణం, ఈ మూడూ కలిపి చూస్తే కంటితో చూసినచోట 4.3 శాతం, సంచి పెట్టినచోట 1.6 శాతం. ఏ కొత్త మందూ కనిపెట్టలేదండీ! అన్నీ అలమారాలో ఉన్న మందులే. కొరత మందులది కాదు, కొలతది అని నేను గొంతు చించుకుంటున్నది ఇందుకే.

కన్ను ఎందుకు తప్పుతుందో కూడా చెబుతాను, డాక్టర్లను తిట్టాలని నాకేమీ లేదు. ఆ సమయంలో మంచం మీద ఉన్నది రక్తం ఒక్కటే కాదు. ఉమ్మనీరు ఉంటుంది, మూత్రం కలుస్తుంది. సగం గుడ్డల్లోకి ఇంకిపోతుంది, కొంత మంచం అంచునుంచి నేల మీదికి జారుతుంది. ఒక్కసారిగా ధారకడితే ఎవరైనా పరుగెత్తుతారు. సన్నగా, ఆగకుండా గంటసేపు కారేదే మోసం చేస్తుంది. పైగా నెలలు నిండేసరికి ఒంట్లో రక్తం సుమారు సగం పాళ్లు పెరిగి ఉంటుంది కాబట్టి, వయసులో ఉన్న అమ్మాయి చాలాసేపు తట్టుకుంటుంది. మాట్లాడుతుంది, బిడ్డను చూసి నవ్వుతుంది, బీపీ బాగానే చూపిస్తుంది. నాడి మాత్రం వేగం పెరుగుతూ ఉంటుంది. బీపీ పడిపోయేసరికి ఆలస్యం జరిగిపోయినట్టే. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అరలీటరుకు అటూ ఇటూ రక్తం వెళుతుంది. మాయ ఊడిపడ్డాక అది గట్టిగా ముడుచుకోకపోతే ఏమవుతుందో మీరే లెక్కవేసుకోండి.

బెజవాడ వాళ్లకు దీన్ని నేను వేరుగా వివరించాలా? 2024 సెప్టెంబరు మొదట్లో ఈ ఊరు ఊరంతా ఏం చేసింది? ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులు అని గంట గంటకీ ఫోన్లు చూసుకుంటూ కూర్చుంది. 11 లక్షలు దాటిందని తెలిసినప్పుడు ఎలా వణికామో గుర్తుంది కదా. 3.97 లక్షలకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండో హెచ్చరిక అని మన ఆటో డ్రైవర్లకు కూడా నోటికి వచ్చు. బ్యారేజీ మీద ఒక ఇంజనీరు నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని "నా అనుభవం ప్రకారం నీళ్లు మామూలుగానే ఉన్నాయి" అంటే ఒప్పుకుంటామా? ఆ ప్లాస్టిక్ సంచి మీద ఉన్నవి కూడా రెండు గీతలే. 300 దగ్గర ఒకటి, 500 దగ్గర ఒకటి. మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక. కృష్ణమ్మకు ఇచ్చిన మర్యాద కన్నతల్లికి ఇవ్వలేమా?

ఇప్పుడు రెండో ఆయన, ఆఫ్రికా మనకెందుకు అన్నవారు. కాస్త సర్దుకుని కూర్చోండి. ఆ సంచి పుట్టింది ఆఫ్రికాలో కాదు. మన పక్క రాష్ట్రం కర్ణాటకలో, బెళగావిలో! అక్కడి వైద్య కళాశాల వాళ్లు, అమెరికా పరిశోధకులు కలిసి పల్లెల్లో ఏఎన్ఎంలు చేసే కాన్పుల మీద ఒక పెద్ద అధ్యయనం చేశారు. గర్భసంచిని బిగించే మిసోప్రోస్టాల్ మాత్ర ఇస్తే రక్తస్రావం తగ్గుతుందా అన్నది ప్రశ్న. 1,620 మంది తల్లులు. తగ్గింది, 12 శాతం నుంచి 6.4 శాతానికి. 2006లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. రక్తం కొలవకుండా ఆ లెక్క తేలదు కదా, అందుకని తయారుచేసుకున్నదే ఆ గీతల సంచి. అదే ఏడాది ఇంకో పరిశీలనలో సంచి కొలతనూ కంటి అంచనానూ పక్కపక్కన పెట్టి చూశారు. కన్ను మూడోవంతు తక్కువ చెప్పింది. మూడోవంతు! 900 పోతే 600 అనుకున్నట్టు.

2006లో మన పొరుగున తేలిన విషయం. 2023 వచ్చాక, నాలుగు ఆఫ్రికా దేశాలు రెండు లక్షల మంది మీద చేసి చూపించాక, అప్పుడు లోకానికి తెల్లవారింది. మధ్యలో పదిహేడేళ్లు. ఆ పదిహేడేళ్లు ఏమైనట్టు?

ఇక్కడ నా సిద్ధాంతం చెబుతాను. ఇది నా సొంతం, ఏ పత్రికలోనూ రాలేదు, మీరు కొట్టిపారేయవచ్చు. ఏ వస్తువు వల్ల ఎవరికీ పెద్ద లాభం రాదో, ఏ వస్తువు వల్ల తప్పు కాగితం మీదికి ఎక్కుతుందో, ఆ వస్తువు ఆసుపత్రి గుమ్మం దాటి లోపలికి రాదు. ప్లాస్టిక్ సంచి అమ్మడానికి ఏ కంపెనీ ప్రతినిధి టై కట్టుకుని వస్తాడు? బెజవాడ సూర్యారావుపేట వీధుల్లో నడవండి, ఆసుపత్రుల బోర్డులు చదవండి. నొప్పులు లేని కాన్పు, ఏసీ గది, నవజాత శిశువుల ఐసీయూ అని ఉంటుంది. "మా దగ్గర రక్తం కొలుస్తాం" అని రాసిన బోర్డు నాకు ఒక్కటి చూపించండి! ఇక రెండో సంగతి. కేసు షీటులో "రక్తస్రావం మామూలు" అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. "750" అని అంకె రాస్తే, అప్పుడు ఏం చేశారు, ఎన్ని గంటలకు చేశారు అని ప్రశ్న వస్తుంది. అంకెకు జవాబు చెప్పాలి. "మామూలు"కు చెప్పనక్కరలేదు.

ట్రానెక్సామిక్ యాసిడ్ కథ కూడా ఇలాంటిదే. జపాన్‌లో ఉతాకో ఒకమోతో అనే శాస్త్రవేత్త, ఆమె భర్త 1960ల మొదట్లో దాన్ని కనిపెట్టారు. ఆమె ఆశ అంతా బాలింతల రక్తస్రావం ఆపాలనే. అక్కడి డాక్టర్లను ప్రయత్నించమని అడిగితే ఒప్పుకోలేదు. 21 దేశాల్లో 20,060 మంది తల్లుల మీద పరీక్షించి, మూడు గంటల్లోపు ఇస్తే రక్తస్రావ మరణాలు 1.7 నుంచి 1.2 శాతానికి తగ్గాయని తేల్చింది 2017లో. ఆమె 98 ఏళ్ల వయసులో 2016లోనే కన్నుమూశారు. ఆ ఫలితం చూడనేలేదు! తరవాత చేసిన లెక్కల్లో ఇంకో సంగతి తేలింది. ఆ మందు పావుగంట ఆలస్యమైన కొద్దీ దాని ప్రయోజనం సుమారు పదోవంతు తగ్గుతుంది, మూడు గంటలు దాటాక ఇచ్చినా దండగే. మరి కొలవకుండా కూర్చుంటే ఆ పావుగంటలు ఎవరి ఖాతాలో పోతున్నాయి? మందు అలమారాలోనే ఉంటుంది, తల్లి మంచం మీదే ఉంటుంది, మధ్యలో "ఇంకాసేపు చూద్దాం" అనే మాట ఉంటుంది.

మందుల మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. గర్భసంచి బిగుసుకోవడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ మన పాడి రైతులకు కూడా బాగా తెలుసు. గేదె పాలు చేపడానికి దొంగచాటుగా పొడుస్తారు. ఆ దుర్వినియోగం ఆపాలని 2018లో కేంద్రం ఏం చేసిందో తెలుసా? ప్రైవేటు కంపెనీలు దాన్ని తయారుచేయకూడదు, బెంగళూరులోని ఒక్క ప్రభుత్వ సంస్థ చేస్తే చాలు అంది. గేదెల కోసం తల్లుల మందుకు తాళం వేయడం! అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది కాబట్టి బతికిపోయాం. ఇంకో సంగతి, ఆ మందును రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మే నెలలో బెజవాడలో కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ గతేమిటో మీకు చెప్పనక్కరలేదు. సరే, దీని మీద ఇంకో వీడియో చేస్తాను, మళ్లీ దారికి వద్దాం.

300 ఎక్కువ తొందర అన్న మొదటాయనకు బాకీ ఉన్నాను. ఊరికే 300 కాదండీ, దానితోపాటు నాడి వందకు పైన ఉండటమో, పై బీపీ వందకన్నా పడటమో ఉండాలి. ఆ షరతు చదవకుండా మాట్లాడితే ఎలా? ఇంకొకటి, 300 ఎవరికి తక్కువ? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో దేశంలో గర్భిణుల్లో 52.2 శాతానికి రక్తహీనత. మన రాష్ట్రం కూడా సగం దాటే ఉంది. ముందే రక్తం పలచబడ్డ అమ్మాయికి 500 పోయేదాకా ఆగడం అంటే, ఖజానాలో ఉన్నదెంతో చూడకుండా ఖర్చు లెక్క రాయడమే. నా మటుకు నాకు 300 కూడా ఉదారంగానే కనిపిస్తోంది.

"మన రాష్ట్రంలో సగం సిజేరియన్లే కదా, ఈ సంచి ఎవరికి" అని కూడా కొందరు వెటకారం చేశారు. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సిజేరియన్లు 42.4 శాతం. మిగిలిన సగానికి పైగా సాధారణ కాన్పులేగా, వాళ్లు తల్లులు కారా? పైగా ఆపరేషన్ గదిలో రక్తం పీల్చే సీసా మీద కనీసం గీతలు ఉంటాయి. ఏ గీతా లేనిది మామూలు కాన్పు మంచం దగ్గరే.

మన రాష్ట్రంలో మాతృ మరణాలు తగ్గాయి, ఒప్పుకుంటాను. 2018–20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు 45, దేశం మొత్తం మీద 97. మెచ్చుకోవలసిందే. కానీ అవే లెక్కల్లో కేరళ 19. మనకూ వాళ్లకూ మధ్య అప్పుడు ఉన్న ఆ 26 మందిలో రక్తం కొలవక పోయినవాళ్లు తప్పకుండా ఉన్నారని నా నమ్మకం.

ఇక ఇళ్లలో పెద్దవాళ్లతో ఒక మాట. "చెడు రక్తం పోతోందమ్మా, పోనివ్వు, మంచిదే" అంటారు చూడండి, అమ్మమ్మలూ, దయచేసి ఆ మాట మానండి. చెడు రక్తమని ఒకటి విడిగా ఉండదు. తోడుగా వెళ్లిన మీకు గుడ్డ త్వరత్వరగా తడుస్తున్నట్టు కనిపిస్తే, అమ్మాయికి చెమటలు పట్టి గుండె దడగా ఉందంటే, మొహమాటపడకుండా నర్సమ్మను పిలవండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, రెండోసారి కూడా పిలవండి.

సంచి దొరకలేదని చేతులు ముడుచుకోనక్కర కూడా లేదు. తడిసిన గుడ్డలనూ ప్యాడ్లనూ తూచి, పొడివాటి బరువు తీసేస్తే ఇంచుమించు గ్రాముకు ఒక మిల్లీలీటరు రక్తం. కూరగాయలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా చాలు.

ఇక విజయవాడ, గుంటూరు లేబర్ రూముల్లో పనిచేసే నర్సులకు, ఏఎన్ఎంలకు ఒక విన్నపం. మీ దగ్గర రక్తం ఎలా అంచనా వేస్తున్నారు? సంచి ఉందా, కాటా ఉందా, లేక కన్నేనా? కింద రాయండి. మీ పేరు వద్దు, ఆసుపత్రి పేరు అసలే వద్దు. ఏం వాడుతున్నారో అది ఒక్కటి రాస్తే చాలు. వచ్చే వీడియోలో ఒక్కొక్కటీ చదివి వినిపిస్తాను.