పాత కారు ఇంజిన్‌లో గరగర: మెకానిక్ స్టెతస్కోప్ కొనొచ్చా?

నమస్తే అండీ. ఈరోజు రివ్యూ చేస్తున్నది ఇదిగో, ఈ మెకానిక్ స్టెతస్కోప్. డాక్టర్ల దగ్గర ఉండేదే, కాకపోతే చివర బిళ్ల బదులు పొడవాటి ఇనుప కడ్డీ ఉంటుంది. ఐదొందల లోపే దొరుకుతుంది. టెస్ట్ చేయడానికి మా బాబాయ్ బండి తెచ్చాను, 2008 మోడల్ పెట్రోల్ కారు. స్టార్ట్ చేస్తే చాలు, గరగరమంటోంది. ఎక్కడో షెడ్డులో చూపిస్తే "ఇంజిన్ దించాలి సార్" అన్నారట. బాబాయ్‌కి టెన్షన్ పట్టుకుంది. "ఏరా, అమ్మేయమంటావా?" అని ఫోన్.

అమ్మకం సంగతి తర్వాత. ముందు డిప్‌స్టిక్, అదే ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, తీద్దాం. ఆయిల్ తక్కువగా ఉంటే ఇంజిన్ నానా రకాలుగా అరుస్తుంది, అది చూడకుండా ఏ పరికరం పెట్టినా దండగ. ఇందులో ఆయిల్ రెండు గుర్తుల మధ్యే ఉంది. ఓకే.

ఇప్పుడు వినండి, రేజ్ చేస్తున్నా. చూశారా, సౌండ్ కూడా దాంతోపాటే పెరుగుతోంది. పైనుంచి సన్నగా టిక్ టిక్ అంటే టప్పెట్ల మీద, అంటే వాల్వ్‌లను కదిపే భాగాల మీద, అనుమానం పెట్టుకోవచ్చు. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ (వాల్వ్‌లను తెరిచే ఇరుసు) ఒక్క చుట్టే తిరుగుతుంది, అందుకే నిమిషానికి 800 చుట్ల (ఆర్‌పీఎం) ఐడ్లింగ్‌లో ఒక్కో వాల్వ్ నిమిషానికి 400 సార్లు తెరుచుకుంటుంది. చెవి పెడితే, ఇంజిన్ వేగంలో సగమే ఉన్న ఆ నిదానం తెలిసిపోతుంది. అదే కింద నుంచి బరువుగా ధన్ ధన్‌మని కొడుతూ, ఇంజిన్ వేడెక్కి ఆయిల్ పల్చబడ్డాక, లోడ్ పడ్డప్పుడు ఇంకా గట్టిగా వస్తే మాత్రం పిస్టన్‌ను క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ కావచ్చు. అలాంటప్పుడు బండి అక్కడే ఆపేయాలి. ఇంజిన్ దించాలన్న మాటకి అప్పుడు అర్థం ఉంది. మన గరగర ఈ రెండూ కాదు, వాటర్ పంప్ లాంటివాటిని తిప్పే బెల్ట్ ఉన్న వైపు నుంచి వస్తోంది.

సరే, స్టెతస్కోప్ పెడుతున్నా. చున్నీ, పొడుగు చేతుల చొక్కా, మెడలో గొలుసు ఏమున్నా తీసేసి రండి, పక్కనే బెల్ట్ తిరుగుతోంది. రేడియేటర్ ఫ్యాన్ కూడా చెప్పకుండా ఆన్ అవుతుంది. కడ్డీ మొన తిరిగే భాగానికి తగలకూడదు, కదలని బాడీ మీదే ఆనించాలి. వాటర్ పంప్ దగ్గర... సన్నటి హోరు, అంతే. ఏసీ కంప్రెసర్... పర్లేదు. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వెనక... అబ్బో! రోట్లో ఇసుక పోసి రుబ్బినట్టుంది. మైక్ పెడుతున్నా, మీరూ వినండి.

అయితే ఇనుములో సౌండ్ పాకుతుంది, ఒక్కచోట విని తీర్పు ఇచ్చేయకండి. ఇంజిన్ ఆపి, కీ తీసేసి, బెల్ట్ ఊడదీశాను. ఆల్టర్నేటర్ పుల్లీని చేత్తో తిప్పితే, ఇదిగో, గరుకుగా తగులుతోంది. వాటర్ పంప్ పుల్లీ నున్నగా తిరుగుతోంది. ఇప్పుడు బెల్ట్ లేకుండా స్టార్ట్ చేస్తున్నా. గరగర పోయింది! బ్యాటరీ లైట్ వెలుగుతోంది, ఛార్జింగ్ లేదు కాబట్టి వెలగాల్సిందే. ఈ బండిలో వాటర్ పంప్ తిరిగేది కూడా ఆ బెల్ట్‌తోనే, అందుకే కొద్ది సెకన్లలోనే ఆపేస్తున్నా. బాబాయ్, ఆల్టర్నేటర్ బేరింగులు మార్పిద్దాం, ఇంజిన్ జోలికి వెళ్లొద్దు.

ఇక పరికరం ఎలా ఉందంటే, పనిచేస్తుంది, కానీ సౌండ్ ఎక్కడిదో చెబుతుంది తప్ప ఎందుకో చెప్పదు. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ మీద పెడితే టకటకలాడుతుంది, అది మామూలే. కొత్తవాళ్లు అది విని కంగారు పడతారు. చెవుల్లో పెట్టుకునే భాగం గట్టిగా ఉంది, కాసేపటికే నొప్పి. రబ్బరు గొట్టం సైలెన్సర్ మానిఫోల్డ్‌కి, అదే ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే వేడి గొట్టానికి, తగిలిందా, కరిగిపోతుంది. బెజవాడ ఆటోనగర్‌లో పాత మేస్త్రీలు పొడవాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవి దగ్గర పెట్టుకుని ఇదే పని చేసేస్తారు. వాళ్లకి ఇది అక్కర్లేదు. అలవాటు లేనివాళ్లు మాత్రం మొనదేలిన ఇనుమును మొహం దగ్గర పెట్టుకునే కన్నా ఇది కొనుక్కోవడం నయం. నా మార్కులు పదికి ఏడు.

మీ బండి సౌండ్ గురించి కామెంట్‌లో అడిగేవాళ్లకి ఒక్క మాట. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో వస్తోందా, వేడెక్కాకా? క్లచ్ తొక్కితే మారుతోందా? ఏసీ వేస్తేనో? ఇవన్నీ చూసి రాయండి. ఉత్తినే "అన్నా, సౌండ్ వస్తోంది" అంటే నేనేం చెప్పను!