పాత కారులో ఆయిల్ లీకు: యూవీ రంగు కిట్ పనిచేస్తుందా?

నమస్కారం. మీరు చూస్తున్నది 1990ల నాటి చిన్న పెట్రోల్ కారు. కార్బురేటరు, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు ఉన్న తరం ఇంజిన్. రాత్రి నిలిపి ఉంచితే తెల్లవారేసరికి నేల మీద రూపాయి బిళ్లంత మరక పడుతోంది. డిప్‌స్టిక్ మీద మట్టం కూడా మెల్లగా దిగుతోంది. ఇలాంటి లీకులను పట్టిస్తుందని అమ్మే యూవీ రంగు కిట్‌ను ఈ రోజు ఈ కారు మీదే పరీక్షిద్దాం. ఇందులో ఆయిల్‌లో కలిపితే యూవీ కాంతిలో మెరిసే రంగు చిన్న సీసాలో, ఊదా కాంతినిచ్చే టార్చి, పసుపు కళ్లద్దాలు ఉన్నాయి.

నా తీర్పు ముందే చెబుతాను. రంగు చాలా బాగుంది. టార్చి మాత్రం నాకు నచ్చలేదు, దాని సంగతి తర్వాత చూద్దాం.

చుక్క ఎక్కడ రాలుతోందో చూడండి. ఇంజిన్, గేర్ బాక్స్ కలిసే అతుకు అడుగున. ఇక్కడ తడి కనిపిస్తే చాలామంది మెకానిక్‌లు చూడగానే చెప్పే మాట ఒకటుంది: వెనుక క్రాంక్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ గేర్ బాక్స్ వైపు చివర ఆయిల్‌ను ఆపే రబ్బరు సీల్) పోయింది, గేర్ బాక్స్ దించాలి. ఈ కారు యజమానికి కూడా ఒక వర్క్‌షాపులో అదే చెప్పారు. సీల్ ఖరీదు ఎంతో ఉండదు. ఖర్చంతా గేర్ బాక్స్, క్లచ్ ఊడదీసి మళ్లీ బిగించే కూలిలోనే ఉంటుంది. పైగా ఆయిల్ అసలు వేరేచోటి నుంచి వస్తుంటే అంత డబ్బు పోసినా మరక అలాగే ఉంటుంది. అందుకే రుజువు చూడకుండా గేర్ బాక్స్ మీద చెయ్యి వేయనివ్వకండి.

ఆయిల్ కారిన చోటే రాలాలని లేదు. పై నుంచి కిందికి జారుతుంది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది, బోల్టు తలల చుట్టూ తిరిగి అన్నిటికంటే కింద ఉన్న అంచు దగ్గర చుక్క కడుతుంది. మనం వెతకాల్సింది అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు తడిసిన చోటు.

ముందు ఒక అట్ట ముక్క కింద పరిచి, ఆ చుక్క ఇంజిన్ ఆయిలేనని తేల్చుకోండి. ఇంజిన్ ఆయిల్ గోధుమ రంగులోనో నల్లగానో ఉంటుంది. గేర్ ఆయిల్ చిక్కగా, గంధకం వాసనతో ఉంటుంది. బ్రేక్ ఆయిల్ పలచగా ఉంటుంది, పెయింటును పాడుచేస్తుంది. అది కారుతుంటే బండి తీయకుండా ముందు బ్రేకులు చూపించండి.

ఇక శుభ్రం చేయడం. ఈ పనిలో సగం ఫలితం ఇక్కడే తేలుతుంది. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు, దుమ్ము మీద ఏ రంగు పోసినా అర్థం లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక డీగ్రీజర్, బ్రష్‌తో రుద్ది, బట్టతో తుడిచి, బాగా ఆరనివ్వండి. డిస్ట్రిబ్యూటరు, ఆల్టర్నేటరు మీద ప్లాస్టిక్ సంచి కట్టండి. ప్రెషర్ వాషర్ జోలికి వెళ్లకండి. కారు కిందికి వెళ్లాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దు, స్టాండ్లు తప్పనిసరి.

రంగు పోసే ముందు ఇంకొక పరీక్ష ఉంది. దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) మీది పీసీవీ వాల్వును ఊడదీసి దాని మూతికి వేలు అడ్డం పెట్టండి. లోపలికి గుంజుతున్నట్టు తెలియాలి. ఆ వాల్వు మసితో పూడుకుపోతే ఇంజిన్ లోపలి గాలికి బయటికి దారి ఉండదు. అప్పుడు పెరిగిన ఒత్తిడి బాగున్న సీళ్ల నుంచి కూడా ఆయిల్‌ను బయటికి తోస్తుంది. సీళ్లు మార్చినా కొన్నాళ్లకే మళ్లీ లీకు మొదలైందని మీలో ఎవరైనా బాధపడుతుంటే ముందు ఈ వాల్వు చూడండి. ఈ కారులో వాల్వు బాగానే గుంజుతోంది.

ఇప్పుడు రంగు. సీసా మీద రాసిన మోతాదు చూసి ఆయిల్ పోసే మూత దగ్గరే పోయాలి. ఇంజిన్ ఆయిల్‌కు సరిపోయే రంగే కొనండి, ఏసీ గ్యాస్ లీకులకు అమ్మే రంగు ఇందుకు పనికిరాదు. పోశాక బండిని మామూలుగా నడపండి. ఆయిల్ వేడెక్కి అన్ని మూలలకూ తిరగాలి. నెమ్మదిగా కారే లీకు పది నిమిషాల్లో బయటపడదు.

కారు నడిపి తెచ్చాం. చీకటి పడింది, లైట్లు ఆర్పాను. కళ్లద్దాలు పెట్టుకుని టార్చి వెలిగిస్తున్నాను. టార్చి కాంతిలోకి నేరుగా చూడకండి. కింద ఆ అతుకు దగ్గర పసుపు పచ్చగా మెరుస్తోంది, అది మనకు ముందే తెలుసు. నాతో పాటు పైకి రండి. గేర్ బాక్స్ పై భాగం మీద సన్నటి గీత ఉంది. ఇంకా పైకి వెళితే సిలిండర్ హెడ్ వెనుక గోడ. ఇదిగో, ఇక్కడ ఆగింది. దీని పైనున్న టాపెట్ కవర్ అంచంతా పొడిగా ఉంది. గీత మొదలైంది డిస్ట్రిబ్యూటరు హెడ్‌లోకి దూరే చోట. అక్కడి ‘ఓ-రింగు’ (O-ring) నుంచి ఆయిల్ కారుతోంది. వెనుక క్రాంక్ సీల్ మీద నింద వేసింది ఈ చిన్న రబ్బరు వలయం వల్లే.

డిస్ట్రిబ్యూటరును తీసే ముందు దాని ఒంటి మీద, హెడ్ మీద కలిసేలా పెయింటుతో ఒక గీత గీయండి. మళ్లీ అదే స్థానంలో బిగించకపోతే ఇగ్నిషన్ టైమింగ్ మారిపోతుంది. తీసిన రింగు చూడండి. గుండ్రంగా ఉండాల్సింది పలకగా అణిగిపోయింది. గోటితో నొక్కితే వంగడం లేదు, పెళుసుగా విరిగింది. ఇన్నేళ్ల ఇంజిన్ వేడికి రబ్బరు ఇలాగే గట్టిపడుతుంది. కొత్తది వేసేటప్పుడు విటాన్ రకం దొరికితే అదే తీసుకోండి, వేడిని బాగా తట్టుకుంటుంది. కొంచెం ఆయిల్ రాసి దూర్చండి, పొడిగా తోస్తే చిరిగే ప్రమాదం ఉంది.

ఇప్పుడు టార్చి సంగతి. దీని మీద 395 నానోమీటర్లు అని ఉంది. ఈ రకం దీపాల్లో కంటికి కనిపించే ఊదా వెలుగు ఎక్కువ, అందులో సన్నటి మెరుపు మునిగిపోతుంది. హెడ్ వెనుక గీత నాకు దీనితో లీలగానే కనిపించింది. 365 నానోమీటర్ల టార్చి వేయగానే స్పష్టంగా వెలిగింది. కాబట్టి రంగు ఒక్కటే కొనుక్కుని, టార్చి విడిగా తీసుకోవడం మేలు. ఇంకొక జాగ్రత్త, చాలా రకాల ఆకుపచ్చ కూలెంట్ కూడా యూవీ కాంతిలో మెరుస్తుంది. రేడియేటర్ గొట్టాల దగ్గర మెరుపు కనిపిస్తే వేలితో తాకి, జిడ్డో నీళ్లో తేల్చుకోండి.

కిట్ కొనడం ఇష్టం లేదా? శుభ్రం చేసి ఆరిన ఇంజిన్ మీద అనుమానం ఉన్న చోట టాల్కం పౌడర్ చల్లి బండి నడపండి. ఆయిల్ వచ్చిన చోట పౌడర్ తడిసి నల్లబడుతుంది. టాపెట్ కవర్, చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్ లాంటి కంటికి ఆనే చోట్లకు ఇది చక్కగా సరిపోతుంది. హెడ్ వెనుక లాంటి ఇరుకులో మాత్రం పౌడర్ నిలవదు, నిలిచినా కనిపించదు. అక్కడ రంగుకే నా ఓటు.

ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడి కమురు వాసన, పొగ వస్తుంటే ఇలా తీరిగ్గా వెతకవద్దు. నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది, బండి ఆపి బాగుచేయించండి. ఆయిల్ ప్రెషర్ దీపం వెలిగినా అంతే, ఆ క్షణమే ఇంజిన్ ఆపాలి.

ఈ కారులో చాంబర్ ప్యాకింగ్ అంచున కూడా కొంచెం చెమ్మ మెరిసింది. అది పై నుంచి జారిన పాత ఆయిలో, అక్కడా లీకు ఉందో ఇప్పుడే చెప్పలేం. మొత్తం తుడిచేశాను. రంగు తర్వాతి ఆయిల్ మార్పు దాకా ఇంజిన్‌లోనే ఉంటుంది కాబట్టి, మళ్లీ కొంత నడిపి అదే చోట టార్చి వేసి చూస్తాను. ఫలితం తర్వాతి వీడియోలో చూపిస్తాను.