ఫైర్‌వాల్ క్లస్టర్‌లో ఓఎస్‌పీఎఫ్: టైమర్ల జోలికి వెళ్లకండి

[తెర మీద: రెండు ఫైర్‌వాళ్ల క్లస్టర్ (ఒకటి పడిపోతే రెండోది అందుకునే జత), ఎదురుగా ఒక రౌటర్]

నమస్కారం అండి. రాజమండ్రి, కాకినాడ, భీమవరం వైపు నెట్‌వర్క్ పని చేసేవాళ్ల దగ్గర ఒక మాట తరచుగా వింటున్నాను: "సెషన్లు (నడుస్తున్న కనెక్షన్ల వివరాలు) రెండు ఫైర్‌వాళ్ల మధ్య సింక్ అవుతున్నాయిగా, ఇక రౌటింగ్ దానంతటదే సర్దుకుంటుంది." సర్దుకోదండి. ఈ అపోహ పోవాలనే ఈ వీడియో. ఓఎస్‌పీఎఫ్, బీజీపీ, అంటే రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతులు, మీకు తెలిసినవే, కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్దాం.

ధవళేశ్వరం నుంచి వచ్చే తూర్పు డెల్టా కాలువ మీద ఒక లాకు ఉందనుకోండి. అక్కడ ఇద్దరు లస్కర్లు. ఒకాయన డ్యూటీలో ఉంటాడు, రెండో ఆయన సిద్ధంగా ఉంటాడు. ఏ గేటు ఎంత ఎత్తి ఉందో ఇద్దరి పుస్తకాల్లోనూ రాసి ఉంటుంది. కానీ పై లాకుతో ఫోన్‌లో మాట్లాడేది మాత్రం డ్యూటీలో ఉన్న ఆయన ఒక్కడే.

నీళ్లు మన ట్రాఫిక్, గేట్ల ఎత్తు ఫార్వర్డింగ్ టేబుల్ (ఏ ప్యాకెట్ ఎటు వెళ్లాలో చెప్పే పట్టిక), ఆ ఫోన్ మాటలు ఓఎస్‌పీఎఫ్ హలోలు, అంటే రౌటర్లు "నేనున్నాను" అని పంపుకునే చిన్న సందేశాలు. చాలా క్లస్టర్లలో రౌటింగ్ పని నడిపేది యాక్టివ్ యూనిట్ ఒక్కటే. అది నేర్చుకున్న దారులు రెండోదానికి కాపీ అవుతాయి. నైబర్‌తో, అంటే పక్క రౌటర్‌తో ఉన్న పరిచయం మాత్రం కాపీ అవదు.

ఇప్పుడు మొదటి లస్కర్ ఉన్నట్టుండి పడిపోయాడు. రెండో ఆయన వచ్చి కూర్చున్నాడు. గేట్లు కదల్లేదు, నీళ్లు పారుతూనే ఉన్నాయి. ఆయన పై లాకుకి ఫోన్ చేసి, "నేను కొత్తండి, మీరెవరో నాకు తెలీదు" అన్నాడు. పై లాకాయన భయపడి తన గేటు దించేశాడు. శివారు ఆయకట్టు ఎండింది. తప్పు నీళ్లది కాదు, గేటుదీ కాదు. ఆ ఒక్క ఫోన్ మాటది.

ఓఎస్‌పీఎఫ్‌లో అచ్చంగా ఇదే జరుగుతుంది. మామూలుగా హలో 10 సెకన్లకోసారి, డెడ్ (హలో రాకపోతే నైబర్ పోయిందనుకునే గడువు) 40 సెకన్లు కాబట్టి ఎలాగూ 40 సెకన్ల సమయం ఉందని చాలామంది ధీమా. అంత సమయం దొరకదు. ప్రతి హలోలో "నాకు తెలిసిన నైబర్లు వీళ్లు" అనే జాబితా ఉంటుంది. కొత్త యూనిట్ పంపే మొదటి హలోలో ఆ జాబితా ఖాళీ. అందులో తన పేరు లేదని చూసిన రౌటర్, డెడ్ టైమర్ కోసం ఆగకుండా అప్పటికప్పుడే బంధం తెంచేస్తుంది. దారులన్నీ పోతాయి.

దీనికి మందుగా హలో 1, డెడ్ 4 పెట్టేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. పై లాకాయన ఇంకా తొందరగా గేటు దించడానికి మీరే సాయం చేస్తున్నట్టు. క్లస్టర్ మారడానికి పట్టే సమయం కంటే వేగంగా పెట్టిన బీఎఫ్‌డీ (అవతలి వైపు పడిపోయిందేమో చాలా త్వరగా పట్టేసే పద్ధతి) చేసేదీ ఇదే. క్లస్టర్ వైపు లింకులో బీఎఫ్‌డీని ఫెయిలోవర్ (ఒక యూనిట్ నుంచి రెండోదానికి మారడం) సమయం కంటే నెమ్మదిగా పెట్టాలి, కుదరకపోతే తీసేయాలి. నా అభిప్రాయం మాత్రం ఇదే.

అసలు మందు గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్. కొత్త లస్కర్ ముందుగా చెప్పే మాట మారుతుంది: "ఇక్కడ మనిషి మారాడు, గేట్లు అలాగే ఉన్నాయి, నేను లెక్క సరిచూసుకునేదాకా మీ గేటు దించకండి." ఓఎస్‌పీఎఫ్‌కి ఇది 2003 నాటి ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 3623లో ఉంది. హలో కంటే ముందు గ్రేస్ ఎల్‌ఎస్‌ఏ అనే సందేశం వెళ్తుంది, ఆ మాట చెప్పేది అదే. అటువైపు రౌటర్ హెల్పర్‌గా, అంటే దారులు తీసేయకుండా ఆగేదిగా, ఉండటానికి ఒప్పుకోవాలి. పై లాకాయన వినకపోతే మీరెంత చెప్పినా లాభం లేదు కాబట్టి, అటువైపు కాన్ఫిగరేషన్ కూడా చూడండి.

బీజీపీకి 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4724. ఇక్కడ ఒప్పందం సెషన్ తెరిచేటప్పుడే కుదురుతుంది. నడుస్తున్న సెషన్ మీద ఆన్ చేసి వదిలేస్తే పనిచేయదు, ఒకసారి రీసెట్ చేయాలి. ఆ పని రాత్రి పూట పెట్టుకోండి.

ఇక రౌటర్ ఐడీ, అంటే మిగతా రౌటర్లు మనల్ని గుర్తుపట్టే పేరు. పై లాకుకి తెలియాల్సింది లాకు పేరు, లస్కర్ పేరు కాదు. కాబట్టి దాన్ని ఆటోమేటిక్‌కి వదలకుండా చేత్తో ఇవ్వండి. చెక్‌పాయింట్ ఫైర్‌వాళ్లలో అయితే అన్ని మెంబర్లకీ ఒకటే, క్లస్టర్ వర్చువల్ ఐపీ (క్లస్టర్ మొత్తానికీ ఉమ్మడి అడ్రస్).

టైం దగ్గర పడింది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఫోర్టిగేట్ ఫైర్‌వాల్‌లో రూట్-టీటీఎల్ (కాపీ అయిన దారులను గుర్తుంచుకునే సమయం) మామూలుగా 10 సెకన్లే. నైబర్లు మళ్లీ కుదిరేలోపే కొత్త ప్రైమరీ (యాక్టివ్ యూనిట్) పాత దారులు మర్చిపోతుంది, అందుకని పెంచండి. సిస్కో ఏఎస్‌ఏ ఫైర్‌వాల్‌లో స్పాన్డ్ ఈథర్‌చానల్ (అన్ని యూనిట్ల లింకులూ కలిపి ఒకే లింకులా వాడే మోడ్) అయితే రౌటింగ్ నడిచేది క్లస్టర్‌ని నడిపించే కంట్రోల్ యూనిట్‌లోనే. ఇండివిడ్యువల్ ఇంటర్‌ఫేస్ మోడ్‌లో ఒక్కో యూనిట్ ఒక్కో సొంత రౌటర్, అక్కడ ఐడీలు వేరువేరుగానే ఉండాలి. తిరుగు ప్యాకెట్ వేరే యూనిట్‌కి వస్తే అది దాన్ని క్లస్టర్ లింకు మీదుగా ఓనర్‌కి, అంటే ఆ కనెక్షన్ చూస్తున్న యూనిట్‌కి పంపుతుంది, ఆ లింకుకి బ్యాండ్‌విడ్త్ తక్కువ పెట్టకండి. ఫైర్‌వాల్ సొంత పాలసీలో ఓఎస్‌పీఎఫ్‌కి ప్రోటోకాల్ 89, 224.0.0.5, 224.0.0.6 అడ్రస్‌లు, బీజీపీకి టీసీపీ 179 అనుమతించారో లేదో చూసుకోండి.

పరీక్షించేటప్పుడు మెనూలో ఫెయిలోవర్ బటన్ ఒక్కటే నొక్కి సరిపెట్టకండి. యాక్టివ్ యూనిట్ పవర్ కేబుల్ కూడా పీకండి, రెండూ ఒకేలా ప్రవర్తించవు. పింగ్ నడుస్తుండగా పక్క రౌటర్‌లో రౌటింగ్ టేబుల్ చూడండి. దారులు అలాగే ఉండి, లాగ్‌లో హెల్పర్ మోడ్ కనిపిస్తే ఓఎస్‌పీఎఫ్ కుదిరినట్టు. తర్వాత బీజీపీ నైబర్లకి కూడా ఇదే పరీక్ష చేయండి.