పాలు ఆగిన ఆ రెండు నెలలు: పశువుల్లో సూక్ష్మ ఖనిజాల సంగతి

అందరికీ నమస్కారం. పశువుల డాక్టరుగా నేను రోజూ వినే మాట ఒకటుంది. "డాక్టరు గారూ, ఆవు ఈని మూడు నెలలైంది, ఎదకు రావడం లేదు. ఏదైనా సూది వేయండి." ఆ మాట వెనక ఎంత టెన్షన్ ఉంటుందో నాకు తెలుసు. ఏడాదికో దూడ కావాలంటే ఈనిన 85 రోజుల్లోపే మళ్లీ చూడి నిలవాలి. ఆ గడువు కళ్లముందే దాటిపోతుంటే ఎవరికైనా కంగారే.

కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఈ రోజు విడుదల కావలసిన అండం రెండు మూడు నెలల కిందటే ఎదగడం మొదలుపెట్టింది. అంటే అది ఆవు ఈనే రోజుల మాట. అప్పుడు తొట్టిలో ఏం లోపించిందో దాని ఫలితం ఇప్పుడు కనిపిస్తోంది. అందుకే ఈ రోజు నేను ముఖ్యంగా ఈనడానికి ముందు, పాలు పితకడం ఆపేసే ఆ రెండు నెలల గురించే మాట్లాడతాను.

రాగి, జింకు, మాంగనీస్, సెలీనియం, అయోడిన్, కోబాల్ట్. వీటిని సూక్ష్మ ఖనిజాలంటాం. ఎంత సూక్ష్మమంటే, తేమ తీసేసిన లెక్కన రోజుకు 10 కిలోల మేత తినే ఆవుకు కావలసిన రాగి సుమారు 100 మిల్లీగ్రాములు, గ్రాములో పదో వంతు. సెలీనియమైతే 3 మిల్లీగ్రాములు చాలు.

ఆవు ఈనాక మాయ మామూలుగా 12 గంటల్లో పడిపోతుంది. 24 గంటలు దాటినా పడకపోతే దాన్ని జబ్బుగానే చూడాలి. చాలామంది మాయ తనంతట తాను జారిపోతుందనుకుంటారు. నిజానికి ఆవు ఒంట్లోని తెల్ల రక్తకణాలు దాన్ని గర్భాశయం గోడ నుంచి విడదీయాలి. ఆ కణాలు చురుగ్గా పనిచేయడానికి సెలీనియం, విటమిన్ ఈ కావాలి. అయితే మాయ ఆగిన ప్రతి ఆవుకూ సెలీనియం లోపమే అనుకోకండి. కవల దూడలు, కష్టమైన కాన్పు, కాల్షియం తగ్గడం, బ్రూసెల్లోసిస్ లాంటి అంటురోగాలు కూడా కారణాలే. చెయ్యి పెట్టి లాగడం మాత్రం వద్దు. గర్భాశయం దెబ్బతింటుంది, రోగం ఉంటే మీకూ అంటుకుంటుంది.

రాగి విషయం ఇంకా తిరకాసు. రాగి తగ్గితే నల్లటి వెంట్రుకలు తుప్పు రంగుకు తిరుగుతాయి, కళ్ల చుట్టూ అద్దాలు పెట్టినట్టు రంగు వెలిసిపోతుంది. మేతలో రాగి సరిపడా ఉన్నా ఇలా జరగొచ్చు. మాలిబ్డినం అనే మరో ఖనిజం, గంధకం ఎక్కువైతే అవి కడుపులోనే రాగిని పట్టేసి ఒంటికి దక్కనివ్వవు. నీళ్లలో ఇనుము ఎక్కువున్నా అంతే. కాబట్టి మేతతో పాటు నీళ్లూ పరీక్ష చేయించాలి. రక్తపరీక్ష బాగుందని నిశ్చింతగా ఉండకండి. రాగి నిల్వ ఉండేది కాలేయంలో. ఆ నిల్వ దాదాపు అడుగంటాకే రక్తంలో తగ్గుదల కనిపిస్తుంది.

నన్ను నిజంగా బాధపెట్టే అలవాటు ఒకటి చెబుతాను. పాలు ఆపగానే "ఇప్పుడు పాలివ్వడం లేదుగా" అని దాణా తగ్గించి, ఖనిజ మిశ్రమం మానేస్తారు. చూడి చివరి రెండు మూడు నెలల్లోనే కడుపులోని దూడ తల్లి నుంచి రాగి తీసుకుని తన కాలేయంలో దాచుకుంటుంది. పాలలో రాగి చాలా తక్కువ. పుట్టాక కొన్ని వారాలు దూడ ఆ నిల్వ మీదే బతకాలి. తల్లికే లేకపోతే దూడకు ఏం ఇస్తుంది?

మిగతావి క్లుప్తంగా. జింకు గిట్టలకు, చనుమొన రంధ్రాన్ని మూసి ఉంచే పొరకు, ఆబోతుల వీర్యానికి అవసరం. మాంగనీస్ తగ్గితే మూగ ఎద, అంటే ఎదకు వచ్చినా లక్షణాలు బయటికి కనిపించవు. అయోడిన్ తగ్గితే మెడ కింద వాపుతో బలహీనమైన దూడలు. కోబాల్ట్‌తో కడుపులోని సూక్ష్మజీవులు విటమిన్ బి12 తయారుచేస్తాయి. ఒక్క మాట, బక్కచిక్కిన ఆవుకు ఇవన్నీ పోసినా ఎద రాదు. ముందు కడుపు నిండా మేత పడాలి.

ఇచ్చే పద్ధతి దగ్గరే చాలామంది నష్టపోతారు. దాణా తినేశాక తొట్టి అడుగున వేలుతో రుద్ది చూడండి. వేలికి బూడిద రంగు పొడి అంటిందంటే మీరు వేసిన మిశ్రమంలో కొంత అక్కడే మిగిలిపోయిందన్నమాట. దాణా కాస్త తడిపి, పొడిని ముందు గుప్పెడు దాణాలో కలిపి, తర్వాత మొత్తానికి పట్టించండి. పశువులు నాకడానికి ఖనిజాల ఇటుక పెడితే గట్టి ఆవు నాకుతూనే ఉంటుంది, భయపడే ఆవు దగ్గరికే రాదు.

ఈ ఖనిజాల సూది మందు ఈనడానికి నెల ముందు కొన్ని మందల్లో పనికొస్తుంది. కానీ మిశ్రమం, ఇటుక, సూది మూడూ కలిపి ఇవ్వకండి. సెలీనియం అవసరానికీ విషానికీ మధ్య తేడా తక్కువ. రాగి కాలేయంలో చప్పుడు లేకుండా పేరుకుని, ఒక రోజు హఠాత్తుగా కామెర్లు, ఎర్రటి మూత్రంతో బయటపడుతుంది. ఆవుల మిశ్రమం గొర్రెలకు అసలే పెట్టకండి. ఆ మోతాదు రాగి వాటికి ప్రాణాంతకం.

ఆవును ఆబోతుతో దాటించిన లేదా కృత్రిమ గర్భధారణ చేయించిన తేదీ నుంచి 280 రోజులు లెక్కేసి, అందులో చివరి 60 రోజులను క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు మీ దగ్గర ఏడో నెల చూడి ఆవు ఎవరికైనా ఉంటే, ముందు దాని గురించే మాట్లాడదాం. అడగండి.