చిల్లర చేప అని ఒక్క గడిలో రాసేశారు

(బరంపురంలో తెలుగువారి వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, కింద కూర్చున్న అక్కలకు, చెల్లెళ్లకు, గోపాలపూర్ నుంచి, ఆర్జిపల్లి నుంచి, సోనాపూర్ నుంచి ఒక పూట పని మానుకుని వచ్చిన మావాళ్లందరికీ, ఇచ్ఛాపురం వైపు నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లకీ నమస్కారం. కార్యవర్గం వాళ్లు నాకిచ్చిన అంశం 'ఒడిశా తీరంలో తెలుగువారి జీవనం'. 1936లో ఒడిశా ఏర్పడటం, గంజాం ఇటు రావటం, మనం ఉన్నచోటే ఉండిపోవటం, ఇవన్నీ చెప్పమన్నారు. అవి బాగా చెప్పగలిగినవాళ్లు నా తర్వాత ఇద్దరున్నారు. నాకిచ్చిన సమయంలో నేను దొందుల గురించి మాట్లాడతాను. వలలో పడితే ఏరి పక్కకి విసిరేసే ఆ చిన్న చేపలే. మన జీవనం గురించి చెప్పమంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

దొందు అంటే ఒకే చేప అనుకుంటాం. ఇంగ్లీషులో గోబీలనే ఈ దొందుల్లో, దగ్గరి బంధువులతో కలిపి, ప్రపంచం మొత్తం మీద రెండు వేలకు పైగా జాతులున్నాయి. చేపల్లో ఇంత పెద్ద కుటుంబాలు చాలా తక్కువ. ఎక్కువ జాతులు మీ చూపుడు వేలంత కూడా ఉండవు. సముద్రపు ఒడ్డున, ఏరు సముద్రంలో కలిసే మొగల్లో, ఉప్పుటేళ్లలో, చిలిక సరస్సులో, మంచినీటి ఏళ్లలో కూడా ఉంటాయి. చిన్నవి, గోధుమరంగువి, అన్నీ ఒకేలా ఉంటాయని వదిలేస్తాం. చేతిలోకి తీసుకుని చూస్తే ఏ రెండూ ఒకేలా ఉండవు.

చూడటం ఎలాగో చెప్తాను. ముందు చేపని వెల్లకిలా తిప్పండి. పొట్ట కింద రెండు రెక్కలుంటాయి కదా, మామూలు చేపలకి అవి విడివిడిగా ఉంటాయి. గోబీకి ఆ రెండూ అంచులు కలిసిపోయి చిన్న గిన్నెలా ఉంటాయి. దాంతోనే అది నేలకీ రాయికీ అంటుకుని నిలబడుతుంది. తర్వాత వీపు చూడండి. రెండు రెక్కలు విడివిడిగా ఉంటాయి, ముందుదానికి మెత్తటి ముళ్లు, సాధారణంగా ఆరు. పక్క నుంచి చూస్తే, మిగతా చేపలకి మొప్ప దగ్గర నుంచి తోక దాకా కనిపించే గీత దీనికి ఒంటి మీద ఉండదు. ఈ మూడూ చూశారంటే గోబీ అవునో కాదో తేలిపోతుంది. పొట్ట రెక్కలు విడివిడిగా ఉండి మిగతాదంతా గోబీలాగే ఉంటే అది దాని చుట్టం. మొగల్లో మునిగిన దుంగలకీ మడ వేళ్లకీ ఆనుకుని, ఒక్కోసారి తలకిందులుగా నిలబడే చేప ఒకటుంది, బల్లపరుపు మూతి, బ్యూటిస్ అంటారు, అది ఆ చుట్టాల్లోదే.

ఇది గోబీ అని తేలాక, ఏ గోబీ అన్నది అసలు ప్రశ్న. ఇక్కడే పుస్తకం చదివినవాడు తడబడతాడు, వల లాగినవాడు తడబడడు. రంగుని నమ్మటానికి లేదు, చచ్చిన గంటలో మారిపోతుంది, కుళ్లకుండా దాచే ఫార్మలిన్ మందులో వేస్తే అసలే మిగలదు. నమ్మదగ్గవి కొన్ని గుర్తులున్నాయి. ఇసుక దొందుకి కింది దవడ ముందుకి పొడుచుకొస్తుంది, తల చదునుగా ఉంటుంది, ఒంటి పక్కన వరసగా నల్లటి మచ్చలు, నోరు తెరిచి చూస్తే నాలుక కొస చీలి ఉంటుంది. కంటి కింద నుంచి దవడ దాకా కాటుక జారినట్టు నల్లటి చార ఉండి, తోక సన్నగా పొడుగ్గా సాగితే అది వేరే రకం, ఒలిగోలెపిస్. గడ్డం కింద చిన్న చిన్న మీసాలుండి, తోక మొదట్లో పైవైపు కన్నులాంటి మచ్చ ఉంటే అది లోతు బురదది, మరపడవల వలల్లో వస్తుంది. ఒంటి మీద ఆకుపచ్చగా మెరిసే చుక్కలుండేది ఉప్పుటేళ్లది.

విన్నారా, ప్రతి చేపా చెప్పేటప్పుడు నేను చోటు కూడా చెప్తున్నాను. లోతు బురదది, ఉప్పుటేటిది, దుంగ కిందిది. గోబీకి చోటు తీసేస్తే సగం ఆనవాలు పోయినట్టే. ఇది నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. మా మేనత్త చెప్పింది.

అత్త గురించి రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను. ఆమె సంతకం పెట్టటం కూడా నేర్చుకోలేదు. అలివి వల ఒడ్డుకి లాగాక చేప ఏరే ఆడవాళ్లలో ఆమె పెద్ద. కవళ్లు ఒక గంపలోకి, రొయ్యలు ఇంకో గంపలోకి, చేతులు చకచకా ఆడుతూ ఉండేవి, మాటలు సాగుతూనే ఉండేవి. ఒకసారి కుప్పలో నుంచి ఎర్రగా, పాములా సాగి, కళ్లు ఉన్నాయో లేవో తెలియని చేప ఒకటి తీసింది. పళ్లు బయటికి కనిపిస్తున్నాయి. దాన్ని చూసి మా మావయ్యని కేకేసింది. "ఒరే, వల అడుగు బురద తీస్తోంది, రేపు దక్షిణానికి జరిపి వెయ్యండి" అంది. మావయ్య వాదించలేదు. మర్నాడు వల జరిపి వేశారు.

నేను ఆశ్చర్యపోయి, "అత్తా, ఎలా తెలిసింది?" అని అడిగితే, "ఏట్రా, ఇది ఇసకలో బతుకుతుందేటి? బురదలో బొక్కలో ఉంటాది. వల బురదని గీకితేనే ఇది పైకొస్తాది" అంది. తర్వాత నాలుగు దొందులు తీసి నా అరచేతిలో పెట్టి, ఒక్కొక్కటీ ఎక్కడిదో చెప్పింది. ఇది ఇసక మీద పడుకునేది. ఇది మొగ లోపలిది, వాన నీళ్లకి కొట్టుకొచ్చింది. ఇది రాతి సందులోది, వీళ్లు బండ దగ్గరగా వేశారన్నమాట. ఆ ఎర్ర చేప శాస్త్రం పేరు నాకు చాలా ఏళ్లకి తెలిసింది, ఒడోంటాంబ్లియోపస్ రూబికండస్. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా నది చేపల మీద రాసినప్పుడు దాన్ని మొదటిసారి వర్ణించాడు. మన ఇసుక దొందునీ వర్ణించింది ఆయనే, ఆ ఏడే.

హామిల్టన్ ఎలా రాశాడో మీరు గమనించాలి. జాలర్లని అడిగాడు. చాలా చేపలకి వాళ్ల నోటి మాటనే శాస్త్రం పేరుగా పెట్టాడు. అంతకు ముందే 1803లో పాట్రిక్ రస్సెల్ మన విశాఖపట్నం ఒడ్డున సేకరించిన రెండు వందల చేపల బొమ్మలు లండన్‌లో అచ్చయ్యాయి. ఆయనా మనవాళ్లు చెప్పిన తెలుగు పేర్లు అడిగి పక్కన రాసుకున్నాడు. వాళ్లు ఈస్టిండియా కంపెనీ వాళ్లు, దొరలు, అయినా ఒడ్డున నిలబడి అడిగారు. నూరేళ్ల కిందట, 1914 ప్రాంతంలో, నెల్సన్ అనండేల్, స్టాన్లీ కెంప్ చిలిక సరస్సు మొత్తం తిరిగి, ఏ ప్రాణి ఏ నీటిలో, ఏ నేల మీద దొరికిందో రాసిపెట్టారు. ఎండాకాలం ఉప్పు ఎంత, వానాకాలం ఎంత, అది కూడా. అప్పుడే అలా చేశారు.

ఇప్పుడు నా కడుపు మంట చెప్తాను. కొన్నేళ్ల కిందట మా ఒడ్డుకి ఒక సర్వే వచ్చింది. ఏ ఆఫీసో చెప్పను, మనుషులు మంచివాళ్లే. చేతిలో ఫారం ఉంది, అందులో కొనేవాడికి పనికొచ్చే చేపలన్నిటికీ గడులున్నాయి. వంజరానికి ఒకటి, చందువాకి ఒకటి, రొయ్యల్లో రకానికొకటి. అత్త అప్పటికి ముసలిదైపోయింది. అయినా కుప్ప దగ్గర కూర్చుని దొందులు విడదీసి ఇసక మీద వరసగా పేర్చింది. ఇది ఇక్కడిది బాబూ, ఇది అక్కడిది బాబూ అని ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. ఆ అబ్బాయి విన్నాడు, తల ఊపాడు, ఫారం అడుగున ఒక్క గడిలో 'చిల్లర చేప' అని రాసి, పక్కన మొత్తం బరువు వేశాడు. అంతే. అన్ని జాతులు, అన్ని చోట్లు, ఆమె జన్మంతా చూసి నేర్చుకున్నదంతా ఒక్క గడిలోకి వెళ్లిపోయింది. ఆ ఫారంలో చోటుకి గడే లేదు! నేను అడిగాను, "సార్, ఎక్కడ దొరికిందో రాయరా?" అని. "సెంటర్ పేరు పైన రాశాం కదండీ" అన్నాడు. సెంటర్ అంటే మా ఊరు. ఊరు చేపకి చోటెలా అవుతుంది?

అత్త పోయి చాలా కాలమైంది. ఆ గడి మాత్రం నా మనసులోంచి పోలేదు. ఇవాళ నేనిక్కడ మైకు పట్టుకున్నది ఆ గడి కోసమే.

ఎందుకంత బాధ అంటారేమో. ఒక జాతి ఉందని రాయకపోతే, అది పోయిందని కూడా ఎవరూ రాయరు. బాహుదా మొగలోనో, ఋషికుల్య మొగలోనో బురద మేట పూడ్చేస్తారు. చిలికలో రొయ్యలు పెంచటానికి నీటికి అడ్డుగా ఘేరీలు కట్టేస్తారు. చిలిక చుట్టూ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల సాగు కూడదని సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చింది, మీకు తెలుసు, అయినా ఘేరీలు లేస్తూనే వచ్చాయి, కొట్టేస్తూనే వచ్చారు. 2000 సెప్టెంబర్‌లో సిపకుడ దగ్గర కొత్త మొగ తవ్వాక చిలికలోకి ఉప్పునీరు మళ్లీ బాగా వచ్చింది, చేపా రొయ్యా పెరిగాయి, అది అందరూ లెక్కేశారు. ఆ మార్పుకి ఏ దొందు లోపలికి వచ్చింది, ఏది పక్కకి జరిగింది, ఒడ్డునున్న మన ఆడవాళ్లని అడిగి రాసినవాళ్లని నేను చూడలేదు. గోబీలు నేలని పట్టుకుని బతికేవి, చాలావాటికి ఒంటిని నీళ్లలో తేల్చే ఈత తిత్తి కూడా సరిగ్గా ఉండదు, దూరం ఈదవు. నేల చెడితే ముందు తెలిసేది వాటికే. మగచేప గవ్వ కిందో రాయి కిందో అంటించిన గుడ్లకి కాపలా కాస్తూ కదలకుండా ఉంటుంది, దాని మీద మట్టి పోస్తే ఎక్కడికి పోతుంది?

బురద మీద గెంతే వాటి గురించి చెప్పకపోతే పిల్లలు ఒప్పుకోరు. అవి కూడా ఈ బలగమే. పాటు వేళ, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, మొగ దగ్గర గట్టున కదలకుండా కూర్చోండి, నీడ పడనివ్వకండి. కాసేపటికి బొక్కల్లోంచి కళ్లు ముందు వస్తాయి, నెత్తి మీదే ఉంటాయి కాబట్టి. గట్టుకి దగ్గరగా, మడ మొక్కల మొదట్లో ఉండి, చిన్న పీతల్నీ పురుగుల్నీ పట్టేది పెరియోఫ్తాల్మస్. కాస్త కిందికి, తడి బురద మీద, తల అటూ ఇటూ ఆడిస్తూ పైపొరని నాకుతున్నట్టు పోయేది బోలియోఫ్తాల్మస్, అది పాచి తింటోంది, ఒంటి మీద నీలి చుక్కలు చూడండి. ఇంకా కిందికి, కాలు దిగబడే పల్చటి బురదలో, వీపు మీద ముందు రెక్క దారంలా నిక్కబొడిచి ఉండేది స్కార్టెలావోస్. ఒకే మొగ, పదడుగుల తేడాలో మూడు. దీన్ని ఒక్క గడిలో ఎలా రాస్తారు? చెప్పండి!

అధ్యక్షులవారు చీటీ పంపారు. అయిపోవచ్చింది. రాళ్ల గుంటల్లో ఉండే దొందు గురించి, రొయ్యతో ఒకే బొక్కలో కాపురం చేసే దాని గురించి చెప్దామనుకున్నాను. రొయ్య బొక్క తవ్వుతుంది, చేప వాకిట్లో కాపలా కాస్తుంది, కళ్లు సరిగ్గా కనిపించని ఆ రొయ్య తన మీసం చేప మీద ఆనించి ఉంచుతుంది, చేప తోక ఆడించిందంటే లోపలికి పరుగు. దాని గురించి ఇంకోసారి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫోన్లు మీ చేతుల్లోనే ఉన్నాయి, ఈ ఒక్క మాట వినండి. చేపకి ఫొటో తీస్తే బతికుండగా తీయండి, తెల్లటి ట్రేలో నీళ్లు పోసి, రెక్కలు విప్పినప్పుడు, పక్క నుంచి ఒకటి, పొట్ట వైపు నుంచి ఒకటి. పక్కన ఒక స్కేలు పెట్టండి. ఆ వెంటనే, ఇంటికెళ్లాక కాదు, అక్కడే, కింద ఏముందో రాయండి: ఇసకా, బురదా, రాయా, గడ్డా, దుంగా, నీరు ఉప్పగా ఉందా, చప్పగా ఉందా, పోటా, పాటా. చేప పేరు తెలియకపోయినా పర్వాలేదు, పేరు తర్వాతైనా దొరుకుతుంది, చోటు మాత్రం మళ్లీ దొరకదు. మీ అమ్మనీ నాయనమ్మనీ అడిగి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయండి, దిద్దకండి.

కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. ఈ సంవత్సరం సావనీరులో ప్రకటనల పేజీ ఒకటి తగ్గించి, తెలుగులో, ఒడియాలో ఒక ఫారం అచ్చువేయండి, దాంట్లో చోటుకి పెద్ద గడి పెట్టండి. పంచే పని నేను చూసుకుంటాను. వచ్చే ఆదివారం పాటు వేళకి నేను సోనాపూర్ మొగ దగ్గరుంటాను, టైము బయట బోర్డు మీద రాసిపెట్టాను. రావాలనుకున్నవాళ్లు పాత చెప్పులు వేసుకురండి, బురదలో గుల్లలు కోస్తాయి. ట్రేలు నేను తెస్తాను. చూశాక చేపల్ని ఎక్కడ పట్టామో అక్కడే వదలాలి, కాబట్టి పట్టిన చోట ఒక పుల్ల గుచ్చి ఉంచండి.